లైబ్రరీ లాగిన్‌తో జర్నల్ పేపర్లు: నాలుగేళ్లు వాడాక

నల్లగొండ ఫ్లోరైడ్ నీటి మీద పీహెచ్‌డీకి నాలుగేళ్లుగా వాడుతున్న పద్ధతి ఇది: వెతకడం పరిశోధన పత్రాల కోసం గూగుల్ నడిపే సెర్చ్ గూగుల్ స్కాలర్‌లో, పేపర్ తెచ్చుకోవడం యూనివర్సిటీ లైబ్రరీ నుంచి. లైబ్రరీ సైట్‌లోని సెర్చ్ పెట్టెతోనే రెండు పనులూ అవుతాయనుకోవద్దు. చాలాచోట్ల అది పుస్తకాల కేటలాగ్ మాత్రమే. జర్నల్ పేరు దొరుకుతుంది కానీ లోపలి వ్యాసం దొరకదు.

2025 జనవరి 1న కేంద్ర ప్రభుత్వ జర్నల్ చందా పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ మొదలయ్యాక ప్రభుత్వ యూనివర్సిటీల్లో తేడా బాగా తెలుస్తోంది. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ అన్నీ ఒకే చందాలో వచ్చేశాయి. మొదలైనప్పుడు ప్రైవేటు కాలేజీలను మాత్రం ఇందులో చేర్చలేదు.

ఎక్కువమంది ఆగిపోయేది లాగిన్ దగ్గరే. క్యాంపస్ వైఫైలో ఉంటే ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్ నంబరు) చూసి దానంతటదే తెరుచుకుంటుంది. అదే గదిలో కూర్చుని ఫోన్ డేటాతో తెరిస్తే డబ్బు కట్టమంటుంది. ఇంటి నుంచైతే ఇన్‌ఫెడ్ ఐడీ, అంటే యూనివర్సిటీ తరఫున జర్నల్ సైట్లలోకి వెళ్లే లాగిన్, కావాలి. అది లైబ్రరీలో అడిగి తీసుకోవాలి. ప్రచురణకర్త సైట్‌లో మామూలు సైన్ ఇన్ పెట్టెలో ఈ ఐడీ కొడితే పనిచేయదు, అది సొంత ఖాతాలకు. పక్కనో కిందో ఉండే 'యాక్సెస్ త్రూ యువర్ ఇన్‌స్టిట్యూషన్' నొక్కి, యూనివర్సిటీ పూర్తి పేరు కొట్టి ఎంచుకుంటే మన లాగిన్ పేజీ వస్తుంది. ఆ పేజీని బుక్‌మార్క్ చేయకండి. ప్రతిసారీ కొత్తగా పుట్టే లింకు అది, మర్నాడు తెరిస్తే ఎర్రర్ ఇస్తుంది. బుక్‌మార్క్ చేయాల్సింది జర్నల్ పేజీని.

స్కాలర్ సెట్టింగ్స్‌లో 'లైబ్రరీ లింక్స్' అని ఉంటుంది. అక్కడ యూనివర్సిటీ పేరు దొరికితే టిక్ పెట్టి సేవ్ చేయండి. లైబ్రరీ నమోదై ఉంటే, చందా ఉన్న పేపర్ పక్కన లింకు కనిపిస్తుంది. గూగుల్ ఖాతాతో సైన్ ఇన్ అయి చేయడం మేలు, లేకపోతే కుకీలు తుడిచిన రోజు సెట్టింగ్ కూడా పోతుంది.

ఇక వెతకడం. అసలు నైపుణ్యం ఇక్కడే. 'నల్గొండ ఫ్లోరైడ్' అని ఇంగ్లిష్‌లో కొడితే టాంజానియా, ఇథియోపియా పేపర్లు వచ్చిపడతాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరే. ఆ రెండు మాటలనూ కలిపి కోట్స్‌లో పెట్టి, మొదటి కోట్‌కు ముందు, మధ్యలో ఖాళీ లేకుండా మైనస్ గుర్తు తగిలిస్తే ఆ గోల చాలావరకు తగ్గుతుంది. మన జిల్లా మీద రాస్తూ ఆ టెక్నిక్‌ను ప్రస్తావించిన పేపర్లూ దాంతోపాటే పోతాయి కనుక, మైనస్ లేకుండా కూడా ఒకసారి చూడాలి. రెండో చిక్కు రాష్ట్రం పేరు. 2014 జూన్‌కు ముందు రాసిన పేపర్లలో తెలంగాణ జిల్లాలన్నీ ఆంధ్రప్రదేశ్ కిందే ఉంటాయి. 2016 అక్టోబరులో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. అందుకని రెండు రాష్ట్రాల పేర్ల మధ్య ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో 'ఆర్' (OR) పెట్టాలి, పాత జిల్లా పేరూ కలపాలి. ఇది తెలియక 'ఈ ప్రాంతంపై అధ్యయనాలు తక్కువ' అని రాసేసిన సినాప్సిస్‌లు (పీహెచ్‌డీ పరిశోధన సారాంశాలు) బోలెడు.

మన రచయితల పేర్లతో ఇంకో తంటా. ఇంటిపేరు ముందు పొడక్షరంగా ఉంటుంది కాబట్టి, కె. శ్రీనివాసరావు ఒకచోట 'రావు కె.ఎస్.', మరోచోట 'శ్రీనివాసరావు కె.' అవుతాడు. రెండూ వెతకాలి.

లాగిన్ అయినా తాళం బొమ్మ కనిపిస్తే, చాలాసార్లు కారణం సంవత్సరమే. పాత సంపుటాలను ప్రచురణకర్తలు విడిగా అమ్ముతారు. అప్పుడు స్కాలర్‌లో 'ఆల్ వెర్షన్స్' నొక్కితే రచయిత పెట్టుకున్న ఉచిత ప్రతి దొరకొచ్చు. ఉచిత ప్రతి ఉంటే చూపించే అన్‌పేవాల్ అనే ఎక్స్‌టెన్షన్‌ను బ్రౌజర్‌కు తగిలించుకున్నా ఉపయోగమే. సాఫ్ట్‌వేర్ పెట్టి వందల పీడీఎఫ్‌లు ఒకేసారి దింపడం మాత్రం వద్దు, ప్రచురణకర్త క్యాంపస్ ఐపీనే ఆపేస్తే అందరికీ బంద్.

అప్పటికీ దొరక్కపోతే లైబ్రేరియన్‌ను అడగండి, డెల్‌నెట్ లాంటి నెట్‌వర్క్ ద్వారా వేరే లైబ్రరీ నుంచి తెప్పించే వీలుంటుంది. శీర్షిక ఒక్కటే రాసి పంపితే మళ్లీ వివరాలడుగుతారు. 10తో మొదలయ్యే డీఓఐ (ప్రతి పేపర్‌కూ ఉండే గుర్తింపు సంఖ్య), సంపుటి, పేజీ నంబర్లు మొదటి మెయిల్లోనే ఇవ్వండి.