మత్తడి దుంకే రోజుల్లో ఓరుగల్లు

మహబూబాబాద్ దాటాక బండి నడకకు దిగింది. కేసముద్రం దగ్గర ఎదురు సీట్లో పెద్దాయన కిటికీలోంచి వేలు చూపించాడు. "గీడనే బిడ్డా, పట్టాలు గాల్లో ఏలాడినయ్." 2024 సెప్టెంబర్ 1 నాటి సంగతి. ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరదకు కట్ట తెగి, మట్టీ కంకరా కొట్టుకుపోయి, పట్టాలు పడేసిన నిచ్చెనలా మిగిలాయి. నిజాం కాలంలో 1880ల్లో వేసిన దారి ఇది, ఢిల్లీ నుంచి చెన్నై పోయే బండ్లకూ ఇదే దిక్కు. వందల బండ్లు రద్దయ్యాయి, దారి మళ్లాయి. రైల్వే వాళ్లు రాత్రింబవళ్లు పనిచేసి మూడు నాలుగు రోజుల్లో మళ్లీ బండ్లు నడిపారు. అది మెచ్చుకోవాల్సిందే. మేం గంటన్నర ఆలస్యంగా దిగినా నాకు కోపం రాలేదు.

కోపం వచ్చింది హన్మకొండ లాడ్జిలో. నయీంనగర్ నాలాకు దగ్గరలో ఉంది, పేరెందుకులెండి. ముందురోజు వానకు సెల్లార్ నిండింది. జనరేటరూ, లిఫ్టు మోటారూ అందులోనే ఉన్నాయి. మాకిచ్చిన గది మూడో అంతస్తులో. మోకాళ్ల నొప్పులున్న మా అత్తమ్మ మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. డబ్బులు వాపసు అడిగితే "ఆన్‌లైన్ బుకింగ్ గదా సార్, మా చేతుల లేదు" అన్నాడు కౌంటర్ అబ్బాయి. వానాకాలంలో వరంగల్‌లో గది తీసుకునేవాళ్లు ఏసీ సంగతి తర్వాత, ముందు జనరేటర్ ఎక్కడుందో అడగండి.

పొద్దున్నే కారు మాట్లాడుకుని రామప్పకు పోయాం. ఈ గుడి ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో, 2023 జూలైలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడికి పునాది కింద ఇసుక పోశారంటారు. ఇసుక మీద నిలబడి ఎనిమిది వందల ఏళ్లు దాటింది. యునెస్కో గుర్తింపు మాత్రం 2021లో వచ్చింది. తడిస్తే ఎర్రరాయి ముదురుతుంది, నల్లరాతి మదనికలు, అంటే గుడి చుట్టూ ఉన్న ఆడబొమ్మలు, నూనె రాసినట్టు మెరుస్తాయి. ఎండాకాలంలో రెండుసార్లు చూశాను, ఈ అందం అప్పుడు లేదు. చెప్పులు విప్పాక బండల మీద జాగ్రత్త, పాచి జారుతుంది. అత్తమ్మ నా భుజం వదల్లేదు.

రామప్ప చెరువు నిండి మత్తడి దుంకుతోంది, అంటే అలుగు పారుతోంది. ఆ చప్పుడు వినడానికే రెండో రాత్రి గట్టు పక్క కాటేజీలో ఉన్నాం. దుప్పట్లు చెమ్మగిల్లి ఉన్నాయి, అయినా లాడ్జి కంటే వెయ్యి రెట్లు నయం.

బొగత పోలేదు. నీళ్లు ఎక్కువైతే అటవీశాఖ వాళ్లు జలపాతం దగ్గరికి రానివ్వరు. మా డ్రైవర్ ముందే ఫోన్ చేసి కనుక్కున్నాడు, అలాంటి మనిషి దొరకడం మా అదృష్టం. ఇంకో మాట: రామప్ప ఉన్నది వెంకటాపూర్, ముత్యంధార జలపాతం ఉన్నది నూగూరు వెంకటాపురం. మధ్యలో గోదావరి ఉంది. ఫోన్‌లో మ్యాప్ పెట్టేటప్పుడు పొరపడకండి. ఆ ముత్యంధార అడవిలోనే 2023 వానల్లో పదుల మంది పర్యాటకులు వాగు దాటలేక రాత్రిదాకా చిక్కుకుపోతే, సహాయక దళాలు వెళ్లి తెచ్చాయి.

లక్నవరంలో వేలాడే వంతెన మీద నడిచాం, బోటింగ్ ఆపేశారు. గేటు దగ్గర మక్క కంకులు కాల్చే అక్క బొగ్గులు విసురుతూనే "వాన వడ్తె మీరొస్తరు, జర ఎక్కువ వడ్తె ఒక్కలు రారు, మేమెట్ల బతకాలె" అంది. నాలుగు కంకులు తీసుకున్నాం. ముదురువి, అయినా తిన్నాం.

తిరుగు రైలు రద్దయింది. ఆన్‌లైన్ టికెట్ డబ్బులు వాటంతటవే వస్తాయి, కౌంటర్‌లో తీసుకున్నదైతే మళ్లీ కౌంటర్‌కే పోవాలి. మాది కౌంటర్ టికెట్టే, లైన్లో గంట పోయింది. చివరికి మరిపెడ మీదుగా ఖమ్మం బస్సెక్కాం. పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వంతెన వచ్చేసరికి బస్సంతా లేచి కిటికీల్లోకి వంగింది. 2024లో ఇక్కడే వాగు రోడ్డెక్కింది. అత్తమ్మ కూడా వంగి చూసింది.

"మోకాల్లోతు లేవు గదా" అని మళ్లీ కూర్చుంది.