మా ఆవిడ గేమింగ్ డెస్క్‌టాప్: 80 వేల బడ్జెట్, రెండేళ్లు దాటిన వాడకం

మా ఇంట్లో గేమ్స్ ఆడేది మా ఆవిడ. నాకు కంప్యూటర్ అంటే ఎక్సెల్, ట్యాలీ, రాత్రిపూట పాత పాటలు, అంతే. తను ఆఫీసు నుంచి వచ్చాక వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్‌లో ఒకటి రెండు మ్యాచులు ఆడుతుంది. శని, ఆదివారాలు ఎల్డెన్ రింగ్, సైబర్‌పంక్ 2077 లాంటి పెద్ద గేమ్స్‌కి. 2023 చివర్లో తన కోసం డెస్క్‌టాప్ కొన్నాం. మానిటర్‌తో కలిపి 80 వేలు దాటకూడదనుకున్నాం, దాదాపు అంతలోనే అయింది. భార్యకో, భర్తకో ఇలాంటిది కొనిపెట్టాలని చూస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, ఇంతకాలం వాడాక తెలిసినవన్నీ రాస్తున్నాను.

ముందుగా ఏం కొన్నామో చెప్తాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, నాలుగు ర్యామ్ స్లాట్లున్న బీ550 మదర్‌బోర్డ్, 8 జీబీవి రెండు కలిపి 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (గేమ్స్ దాచుకునే వేగమైన డిస్క్), కరెంటు పొదుపుకి బ్రాంజ్ రేటింగ్ ఉన్న 550 వాట్ల ఎస్ఎంపీఎస్ (అన్ని పార్టులకీ కరెంటు ఇచ్చే పవర్ సప్లై), ముందువైపు జాలీ ఉన్న కేబినెట్, 24 అంగుళాల 165 హెర్ట్జ్ (అంటే సెకనుకి 165 సార్లు బొమ్మ మార్చే) ఐపీఎస్ మానిటర్. ఇందులో ఒక్క గ్రాఫిక్స్ కార్డుకే సుమారు 28 వేలు అయింది. గేమింగ్ కోసం కొంటున్నప్పుడు బడ్జెట్‌లో మూడో వంతు దానికి పోవడం సబబే. అంతకంటే బాగా తగ్గిందంటే డబ్బు ఎక్కడో అవసరం లేని చోట పెడుతున్నట్టే.

ఇచ్చే మనిషికి సర్‌ప్రైజ్ చేయాలని ఉంటుంది. చీరలోనో వాచీలోనో అది కుదురుతుంది, కంప్యూటర్‌లో వద్దు. ఆడే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ గేమ్స్ ఆడుతున్నారో, ఏవి ఆడాలనుకుంటున్నారో ఒక కాగితం మీద రాయించండి. "మీరు ఎంత పెడతారో చెప్పండి, ఏం కావాలో నేను చెప్తాను" అంది మా ఆవిడ. తను రాసిచ్చినవి నాలుగు పేర్లే. కానీ కంప్యూటర్ ఎలా ఉండాలో ముప్పావు వంతు అక్కడే తేలిపోయింది. వాలరెంట్ గ్రాఫిక్స్ కార్డ్ కంటే ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడుతుంది, మామూలు కార్డుతోనే సెకనుకి వంద ఫ్రేములు, అంటే వంద బొమ్మలు, దాటేస్తుంది. అలాంటి గేమ్‌కి 60 హెర్ట్జ్ మానిటర్ పెడితే 60కి మించిన ఫ్రేములు చాలావరకు వృథా. ఎల్డెన్ రింగ్‌కి కంపెనీయే 60 ఫ్రేముల హద్దు పెట్టింది, ఎంత ఖరీదైన కార్డు వేసినా మామూలుగా అంతకు మించి రావు. సైబర్‌పంక్ మాత్రం కార్డుని పిండేస్తుంది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే 150 జీబీ జాగా అడుగుతుంది, కాబట్టి 500 జీబీ ఎస్ఎస్‌డీ ఆలోచన అప్పుడే పక్కన పెట్టేశాం.

ఇంకో సంగతి, కార్డు కంటే ముందు మానిటర్ నిర్ణయించుకోవాలి. 1080పీ తెరలో సుమారు 20 లక్షల పిక్సెళ్లు ఉంటాయి, 1440పీలో 36 లక్షలు దాటతాయి. ప్రతి ఫ్రేముకీ అన్నిటినీ గీయాల్సింది గ్రాఫిక్స్ కార్డే. 80 వేలలో 1440పీ మానిటర్ తీసుకుంటే కార్డుకి మిగిలే డబ్బు తగ్గుతుంది, చేయాల్సిన పని పెరుగుతుంది. అందుకే 1080పీ, 165 హెర్ట్జ్ దగ్గర ఆగాం. 24 అంగుళాల తెర మీద బొమ్మ స్పష్టంగానే ఉంటుంది. ఇన్నాళ్లలో తను ఒక్కసారి కూడా తెర చాలలేదని అనలేదు.

కొన్నది సికింద్రాబాద్ సీటీసీలో, అంటే ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో. పొద్దున్నే వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు. మేం ఎక్కిన మొదటి షాపులో అతను నా వైపే తిరిగి, "సార్, ఐ7 తీసుకోండి, గేమింగ్‌కి దాన్ని మించింది లేదు" అంటూ చాలా తక్కువ ధరకి ఒక రెడీమేడ్ సెట్ చూపించాడు. మా ఆవిడ "అన్నా, అది ఏ జనరేషన్?" అని అడిగింది. నాలుగోది. అంటే 2013 నాటి నాలుగు కోర్ల ప్రాసెసర్, విండోస్ 11 కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జాబితాలోనే లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. దాని పక్కన ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్న 2022 నాటి రైజెన్ 5 ఎంతో ముందుంటుంది. ఐ5, ఐ7 అన్న అంకె చూసి కొనకండి, జనరేషన్ అడగండి. ఆ తర్వాత వెళ్లిన షాపులో నేను పక్కకి జరిగి తననే మాట్లాడనిచ్చాను. ఎవరు ఆడతారో వాళ్లే అడిగితే జవాబులు కూడా సూటిగా వస్తాయి.

కొటేషన్‌లో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఎస్ఎంపీఎస్ దగ్గర. కార్డు పేరు, ప్రాసెసర్ పేరు పూర్తిగా రాస్తారు. ఎస్ఎంపీఎస్ మాత్రం చాలా చోట్ల "600 వాట్స్" అని ఊరుకుంటారు, కంపెనీ ఉండదు, మోడల్ ఉండదు. చవక రకం అయితే డబ్బా మీద రాసిన వాట్లు నిజంగా ఇవ్వదు, ఏదైనా తేడా వస్తే మిగతా పార్టుల్ని కూడా వెంట తీసుకుపోతుంది. మోడల్ నంబర్ రాయించుకుని, దాని వారంటీ ఎన్నేళ్లో చూసుకుని కొన్నాం. నాలుగు వేల వస్తువు అరవై వేల వస్తువుల్ని కాపాడుతోంది, అందులో బేరం ఆడాల్సిన పని లేదు.

కార్డు దగ్గర మాత్రం చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ మెమరీ ఉంది, 4060లో 8 జీబీయే. అయినా 4060 వేగంగా ఉంది, 170 వాట్ల బదులు 115 వాట్లతో నడుస్తుంది, డీఎల్ఎస్ఎస్ 3 ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య ఏఐతో అదనపు ఫ్రేములు చేర్చే సదుపాయం) ఉంది. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 ఇంకా చవక, వాలరెంట్ మాత్రమే ఆడేవాళ్లకి అది చాలు. తను రే ట్రేసింగ్‌తో (వెలుగు, నీడల్ని నిజంలా చూపించే పద్ధతి) సైబర్‌పంక్ చూడాలని ఆశపడింది, కాబట్టి 4060. ఈ కార్డు బోర్డుతో మాట్లాడటానికి ఎనిమిది పీసీఐఈ లేన్లే (డేటా దారులు) వాడుతుంది, కాబట్టి ఒక్కో దారి వేగంగా ఉండాలి. అందుకే వేగమైన పీసీఐఈ 4.0 లేని ఏ520 బోర్డు కాకుండా బీ550 తీసుకున్నాం.

ఇంటికి తెచ్చిన రోజు మూడు పనులు తప్పకుండా చేయండి. హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మదర్‌బోర్డుకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాలి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి 60 హెర్ట్జ్ ఉంటే 165కి మార్చాలి, చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి అది 60లోనే ఉండిపోతుంది. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే తెరిచే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్) ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయాలి, లేకపోతే 3200 వేగం అని కొన్న ర్యామ్ 2400 లేదా 2666 దగ్గరే నడుస్తుంది. వాలరెంట్ ఆడేవాళ్లకి ఇంకొకటి: విండోస్ 11లో ఆ గేమ్ టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్స్ రెండూ ఆన్‌లో ఉండాలని అడుగుతుంది. ఇవి కూడా బయోస్‌లోనే.

ఇక వాడకం. వాలరెంట్ మ్యాచ్ మధ్యలో ఎప్పుడూ ఆగలేదు. ముంబైలో సర్వర్ ఉంది కాబట్టి హైదరాబాద్ నుంచి పింగ్ (సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే సమయం) తక్కువగానే వస్తుంది, అయితే వైఫై వదిలేసి రౌటర్ నుంచి లాన్ కేబుల్ లాగాకే అది నిలకడగా ఉంది. సైబర్‌పంక్‌ని డీఎల్ఎస్ఎస్ పెట్టి, రే ట్రేసింగ్ కొంచెం తగ్గించి, హాయిగా పూర్తి చేసింది. ఆ గేమ్ ముగిసిన రాత్రి తన ముఖంలో కనిపించిన సంతోషానికి ఈ 80 వేలు ఎక్కువ కాదనిపించింది నాకు.

మన ఎండల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మే నెలలో గది వేడిగా ఉన్నప్పుడు ఫ్యాన్ల చప్పుడు వినిపిస్తుంది, కానీ వేడికి గేమ్ నెమ్మదించిన సందర్భం లేదు. ముందు గాజు పలక, లోపల రంగుల లైట్లు ఉన్న కేబినెట్లు షాపులో మెరిసిపోతుంటాయి, గాలి మాత్రం ఆడదు. జాలీ ఉన్నదే తీసుకోండి. దుమ్ము ఫిల్టర్లని నేను నెలకోసారి కడిగి ఆరబెడతాను, అప్పుడప్పుడు బ్లోయర్‌తో లోపల ఊదుతాను. కరెంటు ఖర్చుకి భయపడక్కర్లేదు. ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి సుమారు 250 వాట్లు వేసుకున్నా, నాలుగు గంటలకి ఒక యూనిట్. కరెంటు పోతే ఇంటి ఇన్వర్టర్ ఆదుకుంటుంది, అది సైన్ వేవ్‌ది అయి ఉండాలి, యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. అసెంబుల్డ్ సిస్టమ్‌కి ఒకే వారంటీ ఉండదు, ఏ పార్టుకి ఆ కంపెనీయే. మానిటర్ మీద నిలువు గీత వస్తే సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాల్సి వచ్చింది. మార్చి ఇవ్వడానికి వారాలు పట్టింది, ఆ మధ్యలో టీవీకి కలిపి ఆడుకుంది. జీఎస్టీ బిల్లు, డబ్బాల మీది సీరియల్ నంబర్లు ఫోటో తీసి పెట్టుకున్నాం కాబట్టి ఆ పని అయింది. బిల్లు లేకుండా తక్కువకి ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

రెండోది కార్డులోని 8 జీబీ మెమరీ. కొత్త పెద్ద గేమ్స్‌లో టెక్స్చర్లు (వస్తువుల ఉపరితలం మీది బొమ్మలు) అల్ట్రాలో పెడితే తడబడుతుంది, హైకి దించితే సరిపోతోంది. రేపు అదీ చాలకపోవచ్చు. ర్యామ్ మాత్రం 2025 మధ్యలో ఇంకో 16 జీబీ వేయించాం, ఖాళీ స్లాట్లు ఉండటం కలిసొచ్చింది. ఆ ఏడాది చివరికల్లా ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో కొనేవాళ్లందరికీ తెలుసు. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు ర్యామ్‌కి ఎంత పోతుందో ముందే లెక్క వేసుకుని మిగతావి చూసుకోవాలి.

ఇవాళ అదే పనికి నన్ను సలహా అడిగితే, కార్డులో 8 జీబీ వద్దంటాను. కొంచెం ఎక్కువైనా ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీది తీసుకోమంటాను. మాకూ తర్వాత మార్చేది అదే. దానికి 160 వాట్లే కాబట్టి మా ఎస్ఎంపీఎస్ మార్చక్కర్లేదు, ప్రాసెసర్, బోర్డు ఇవే ఉంటాయి. ధర కాస్త దిగితే తీసుకుందామని మా ఆవిడ రోజూ చూస్తోంది.