అశోక్‌నగర్‌ల స్టడీ హాల్, దాని కింద మెస్: మూడేండ్లు ఉన్నంక రాస్తున్న రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తున్న, హాల్‌కి 5కి 3, కింద మెస్‌కి 4.5. పేర్లు రాయట్లే, ఎందుకంటే ఓనర్ అన్న దగ్గర నా డిపాజిట్ వెయ్యి రూపాయలు ఇంక అట్లనే ఉంది, అది చేతికొచ్చినంక చూద్దాం.

హైదరాబాద్‌ల సర్కారు ఉద్యోగాల పరీక్షలకి చదివెటోళ్ల అడ్డా ఇది, చిక్కడపల్లి లైబ్రరీ కాడ నుంచి అశోక్‌నగర్ దిక్కు నడుచుకుంట వస్తే కరెంట్ పోల్ కనపడదు, పాంప్లెట్లే కనపడ్తయ్. రూమ్‌మేట్ కావలెను, టెస్ట్ సిరీస్, హోమ్లీ ఫుడ్, ఏసీ స్టడీ హాల్, మళ్లా రూమ్‌మేట్ కావలెను. నేను 2022 మేల వచ్చిన. ఆ మార్చిల అసెంబ్లీల 80,039 పోస్టులు నింపుతున్నం అన్నరు, ఏప్రిల్ చివర్ల గ్రూప్-1 నోటిఫికేషన్ 503 పోస్టులతోని పడింది, ఇంకేంది, ఉప్పల్ దిక్కు బ్యాక్ ఆఫీస్ జాబ్ 17 వేలది వదిలేసి బ్యాగు సర్దుకున్న. దానికి అప్లై చేసినోళ్లు 3 లక్షల 80 వేల మంది. పొద్దున ఏడింటికి ఇడ్లీ బండి దగ్గర నిలబడితే అందరికందరు ఇక్కడనే ఉన్నరేమో అనిపించేది.

సరే హాల్ సంగతి. మూడో ఫ్లోర్, లిఫ్ట్ లేదు, 64 క్యాబిన్లు. ఏసీ అయితే నెలకి 1500, నాన్ ఏసీ 1000. క్యాబిన్ అంటే పెద్దగా ఊహించుకోకండి, ప్లైవుడ్ చెక్కలతో అడ్డం పెట్టిన బల్ల, పైన ఒక ట్యూబ్‌లైటు, ఒక ప్లగ్గు, మోచేతులు చాపితే రెండు దిక్కుల తగుల్తయ్. ఏసీ ఉంటది గానీ రిమోట్ ఓనర్ అన్న జేబుల ఉంటది, మధ్యాహ్నం 12 నుంచి 5 వరకే వేస్తడు, ఏప్రిల్‌ల పొద్దున పదింటికే మాడిపోతుంటే ఫోన్ చేస్తే "వస్తున్న తమ్మీ" అంటడు, వచ్చేసరికి 12 అయితది. బాత్రూమ్‌లు రెండే, 64 మందికి. వైఫై బాగుంటది, అది ఒప్పుకోవాలె. ఫోన్ మాట్లాడితే వంద రూపాయల ఫైన్ అని బోర్డు ఉంది, ఇంటి నుంచి ఫోన్ వస్తే అందరం మెట్ల మీదికి పోతం, మెట్ల మీద గోడకి వీపు ఆనిన కాడ సున్నం ఊడిపోయి నల్లగ అయింది.

నా క్యాబిన్ 37. ప్లైవుడ్ మీద నాకంటే ముందు కూసున్నోడు ఎవడో పెన్సిల్‌తోని పంచవర్ష ప్రణాళికలు వరుసగ రాసుకున్నడు, దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో లెక్క, నాన్న 3000, బావ 2000, రూమ్మేట్ 500, మళ్లా నాన్న 3000, నాన్న 3000. రూమ్మేట్ ఐదొందలు ఒక్కటే కొట్టేసి ఉంది. ఎకానమీల ఎన్ని చాప్టర్లు చదివినా నాకు ఆ ఐదు లైన్లు అర్థమైనంత ఇంకేదీ అర్థం కాలే నిజం చెప్పాలంటే.

ఎకానమీ అంటే గుర్తొచ్చింది, గ్రూప్-2 సిలబస్‌ల నిరుద్యోగం ఒక టాపిక్. ప్రచ్ఛన్న నిరుద్యోగం, నిర్మాణాత్మక నిరుద్యోగం, చక్రీయ నిరుద్యోగం అని బట్టీ కొడ్తుంటం, 64 మందిమి. పక్క క్యాబిన్ అన్న ఒకరోజు అడిగిండు, పీఎల్‌ఎఫ్‌ఎస్ అని కేంద్రం చేసే ఉద్యోగాల సర్వేల 2023-24కి దేశంల నిరుద్యోగ రేటు 3.2 శాతం అని ఉంది కదా, 15 నుంచి 29 ఏండ్లోళ్లకి 10.2, మరి మనం ఇందుల ఉన్నమా లేమా అని. చూస్తే చదువుకుంటున్న అని చెప్పినోడు అసలు లేబర్ ఫోర్స్, అంటే పని చేసేటోళ్లు, పని వెతికేటోళ్ల లెక్కలకే రాడు. అదే సర్వేల పోయిన వారం ఏం చేసినవ్ అని అడిగే లెక్క అయితే ఇంకా మస్తు, ఆ వారంల ఏదో ఒక రోజు ఒక్క గంట పని చేసినా పని ఉన్నోడి కిందనే లెక్క. ఆ అన్న రాత్రిళ్లు ఫుడ్ డెలివరీకి పోతడు, ఆయన పనోడు. నేను స్టూడెంటుని. అంటే ఈ హాల్‌ల నిరుద్యోగం సున్నా అన్నట్టు, ఇద్దరం మెట్ల మీద కూసోని నవ్వుకున్నం.

నా ఖర్చు చెప్తే ఎవరికన్న పనికొస్తదేమో. క్యాబిన్ 1500, రూమ్ ముగ్గురం కలిసి 9000 అంటే తలా 3000, మెస్ 3200, టిఫిన్ చాయ్ జిరాక్స్ టెస్ట్ సిరీస్ అన్నీ కలిపి ఇంకో 1800. నెలకి 9500. మూడేండ్లకి 3 లక్షల 42 వేలు. ఇది పోయిన పైసలు, రాకుండ పోయిన పైసలు వేరే, 17 వేల జీతం 36 నెలలకి 6 లక్షల 12 వేలు, పీఎఫ్ అన్నది లేనే లేదు. మా నాన్నది మూడెకరాల పత్తి. లక్షన్నర అప్పు తెచ్చిండు నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే నెలకి మూడు వేలు మిత్తికే. మా ఊర్ల కిరాణా షాపాయన మొన్న పండుగకి పోతే "మీ అమ్మ ఇప్పుడు నూనె అర లీటరే తీస్కపోతుంది" అన్నడు మామూలుగనే, ఎగతాళికి కాదు. ఆ మిగిలిన అర లీటరు నూనె ఇక్కడ మా మెస్‌ల పూరీలకి కాలుతుంది అనుకోండి. మా దిక్కు చానా ఊర్లది ఇదే కథ, సంపాయించి ఇంటికి పంపాల్సిన వయసుల ఇంటి నుంచి తెప్పిచ్చుకుంటున్నం, అక్కడ చిట్టీ ఆగిపోతది, చెల్లె పెండ్లి ఇంకో ఏడాది వెనక్కి జరుగుతది, ఇంటి స్లాబ్ రాడ్లు తుప్పు పడ్తయ్, మేస్త్రీకి పని ఉండదు. ఉద్యోగం లేనిది నా ఒక్కడికే కానీ దాని దెబ్బ ఎంతమందికి తగుల్తదో చూడండి.

2018 ఎన్నికలప్పుడు నిరుద్యోగ భృతి నెలకి 3016 అన్నరు, 2023ల 4000 అన్నరు. ఆ 3016 వచ్చినా క్యాబిన్ కట్టంగ మిగిలిన దాంతో సగం నెల మెస్ నడిచేది. రాలే కాబట్టి లెక్క సింపుల్.

ఇగ మెస్. దీని గురించి ఎంత రాసినా తక్కువే. కోదాడ దిక్కు నుంచి వచ్చిన అక్క, ఆమె భర్త నడిపిస్తరు. పప్పు, ఒక కూర, పచ్చిపులుసు లేకుంటే సాంబార్, మజ్జిగ, బుధవారం గుడ్డు, ఆదివారం చికెన్. పచ్చిపులుసుల ఉల్లిగడ్డ సన్నగ కోసి, ఎండుమిర్చి కాల్చి నలిపేస్తది, ఆ వాసన మూడో ఫ్లోర్ దాక వస్తది, ఒంటిగంటకి ఎవ్వడూ ఆర్టికల్ 356 దగ్గర ఆగడు. అన్నం అన్‌లిమిటెడ్, రెండోసారి అడిగితే మొహం చిట్లించుడు ఉండదు. బాకీ రాసుకునే నోట్‌బుక్ ఒకటి ఉంటది లాంగ్ సైజుది, నా పేరు దాంట్ల చానా పేజీల ఉంది. ఒక్కసారి కూడ అందరి ముందట అడగలే.

కానీ ఆ అక్క వ్యాపారం మాకంటే ఘోరం. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్‌ల రాసినం, పేపర్ లీక్ అయిందని 2023 మార్చిల రద్దు, జూన్ 11న మళ్లా రాసినం, సెప్టెంబర్‌ల హైకోర్టు అది కూడ రద్దు చేసింది. గ్రూప్-2 అయితే 2023 ఆగస్టు అన్నరు, నవంబర్ అన్నరు, 2024 జనవరి అన్నరు, మళ్లా ఆగస్టు అన్నరు, చివరికి డిసెంబర్ 15, 16ల అయింది. డేట్ దగ్గరికొస్తే మెస్‌ల 140 మంది, వాయిదా పడితే వారంల 60. వంట మాస్టర్‌ని తీసుకున్నది, తీసేసింది, మళ్లా పిలిస్తే ఆయన ఇంకో దగ్గర చేరిండు. ఆ 2023 సెప్టెంబర్ తర్వాత బుధవారం గుడ్డు బంద్ చేసింది, ఎవ్వరం అడగలే, 2024 ఫిబ్రవరిల 563 పోస్టులతోని కొత్త నోటిఫికేషన్ పడ్డంక మళ్లా గుడ్డొచ్చింది. మన రాష్ట్ర ఆర్థిక పరిస్థితి ఏంది అని ఎవరన్న అడిగితే నేను బుధవారం ప్లేట్ చూసి చెప్తుండె.

ఓనర్ అన్న మాత్రం దీనికి ఉల్టా. నోటిఫికేషన్ పడంగనే 1200 ఉన్న క్యాబిన్ 1500 చేసిండు, వాయిదా పడ్డప్పుడు తగ్గించమంటే "కరెంట్ బిల్లు వాయిదా పడలే కదా తమ్మీ" అన్నడు. ఆ మాట నిజమే అనుకోండి. బిల్డింగ్ ఆయనది కాదు, ఆయన కూడ కిరాయికే తీసుకున్నడు, అది నాకు రెండో ఏడాది తెలిసింది. అయినా 1 మార్కు అందుకే కోసిన, ఇంకో మార్కు బాత్రూమ్‌లకి.

2024ల సర్కారు ఉద్యోగాలకి వయసు పరిమితి 44 నుంచి 46 చేసిన్రు. ఆ రోజు హాల్‌ల చప్పట్లు కొట్టిన్రు, మా రూమ్ అన్న ఒక్కడు కొట్టలే, ఆయనకి 38. ఇంకో ఎనిమిదేండ్లు ఇంటోళ్లకి ఏం చెప్పాలె అన్నడు. ఆయన ఇప్పుడు ఎల్బీనగర్‌ల హోల్‌సేల్ మందుల షాపుల కంప్యూటర్ బిల్లింగ్ చేస్తున్నడు, 16 వేలు, ఆదివారం వచ్చి మెస్‌ల తిని పోతడు.

కొత్తగ వచ్చెటోళ్లకి రెండు మాటలు. ఒకేసారి ఆరు నెలలది కట్టకండి, డిస్కౌంట్ అంటడు గానీ ఎగ్జామ్ వాయిదా పడి ఊరికి పోయిన్రంటే ఆ పైసలు మర్చిపోవాల్సిందే. డిపాజిట్‌కి రసీదు తీస్కోండి, కనీసం వాట్సాప్‌ల "ముట్టినయ్" అని పెట్టిచ్చుకోండి, నేను పెట్టిచ్చుకోలే. మెస్‌ల నెల మధ్యల చేరినా రోజుల లెక్కనే తీసుకుంటది, భయపడకండి.

నేను ఒకటో తారీఖు నుంచి పాత ఆఫీస్ లాంటి దాంట్లనే చేరుతున్న, జీతం 18 వేలు, మూడేండ్ల కింద వదిలినప్పుడు 17. మొదటి జీతంల అక్క నోట్‌బుక్‌ది 4600 కట్టాలె. క్యాబిన్ 37 ఈ నెలాఖరుకి ఖాళీ అయితది, కిటికీ పక్కన, గాలి బాగొస్తది, ఫ్యాన్ మూడో నంబర్ మీదనే తిరుగుతది, మిగతా నంబర్లు తిప్పకండి రెగ్యులేటర్ ఊడొస్తది.