ఎట్సీకీపర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

అప్‌గ్రేడ్ తర్వాత లినక్స్ సర్వర్‌లో ఏది మొరాయించినా నింద ముందుగా సెట్టింగుల ఫైళ్లుండే ఎట్సీ (/etc) డైరెక్టరీ మీదే పడుతుంది. ఆ నింద నిజమో కాదో నిమిషాల్లో తేల్చిపెడుతుందన్నదే, ఆ డైరెక్టరీలోని మార్పులను నమోదు చేసే ఎట్సీకీపర్ అనే సాధనం మీద నా అభిమానానికి కారణం. ఎట్సీని, ఫైళ్ల మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో పెట్టడం ఎవరైనా చేయగలరు. కానీ ప్యాకేజీలను వేసే, మార్చే ఏపీటీ నడవబోయే ముందు కమిట్ కాకుండా (చరిత్రలో నమోదు కాకుండా) మిగిలిన మార్పులను ఒకసారి, నడిచాక ప్యాకేజీలు తెచ్చిన మార్పులను మరోసారి, ఎవరూ చెప్పకుండానే ఇది కమిట్ చేస్తుంది కాబట్టి మన చేతి దిద్దుబాట్లు, ప్యాకేజీ స్క్రిప్టుల దిద్దుబాట్లు కలగాపులగం కావు. మారిన ప్యాకేజీల జాబితా కూడా రెండో కమిట్ సందేశంలోనే ఉంటుంది.

డెబియన్ లినక్స్ 11 నుంచి 12కు మారినప్పుడు దీని విలువ బాగా తెలిసివచ్చింది. దూరం నుంచి వచ్చే లాగిన్‌లను స్వీకరించే ఎస్‌ఎస్‌హెచ్‌డీ ప్రోగ్రాము కాన్ఫిగ్ ఫైలు దగ్గర అప్‌గ్రేడ్ ఆగి, కొత్తది వేయాలా, ఉన్నది ఉంచాలా అని అడిగినప్పుడు మా ఫైలునే ఉంచాము. ఆ రాత్రి బ్యాకప్ యంత్రం లాగిన్ కాలేకపోయింది. పాత ఫైలు ఉంచడం వల్లే ఇలా జరిగిందని ఒకరు, కొత్తది ఎక్కడో చొరబడిందని ఇంకొకరు వాదనకు దిగారు. రెండు కమిట్‌ల మధ్య డిఫ్ (తేడా) తీస్తే ఆ ఫైలులో ఒక్క అక్షరం కూడా మారలేదు, దాంతో వాదన అక్కడితో ఆగి, అందరం సర్వర్ లాగ్ వైపు మళ్లాము. లాగిన్‌కు వాడే ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ రకం కీ ఆమోదిత జాబితాలో లేదని అక్కడ రాసి ఉంది. డెబియన్ 11లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఉండే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.4, 12లో 9.2 ఉన్నాయి, నడుమ 2021లో వచ్చిన 8.8, షా-1 అనే పాత హ్యాష్ పద్ధతితో చేసే ఆర్‌ఎస్‌ఏ సంతకాలను డిఫాల్ట్‌గా నిలిపివేసింది. బ్యాకప్ యంత్రంలోని పాత క్లయింటుకు ఆ సంతకం తప్ప మరొకటి రాదు. ఆ క్లయింటును మార్చేదాకా, ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ డాట్ డీ డైరెక్టరీలో పాత సంతకాన్ని అనుమతించే ఒక చిన్న ఫైలు పెట్టి నెట్టుకొచ్చాము.

అయితే ఇందులోనే దీని పరిమితి కూడా ఉంది. ఫైలు మారకుండానే ప్రోగ్రాము ప్రవర్తన మారిపోవచ్చు, అది ఎట్సీకీపర్‌కు తెలియదు. పైగా మనం వద్దన్న కొత్త ఫైలు యూసీఎఫ్-డిస్ట్ లేదా డీపీకేజీ-డిస్ట్ తోకతో పక్కనే పడి ఉంటుంది, కానీ అలాంటివాటిని ఇది తన ఇగ్నోర్ జాబితాలో చేర్చేస్తుంది కాబట్టి చరిత్రలో కనబడవు. అసలు ఎక్కువగా చదవవలసింది వాటినే, అందుకని అప్‌గ్రేడ్ ముగిశాక వాటిని విడిగా వెతికి మా ఫైళ్లతో పోల్చుకుంటున్నాము.

ఫైళ్ల యజమాని, గ్రూపు వివరాలను గిట్ భద్రపరచదు. అనుమతుల్లో ఎగ్జిక్యూట్ బిట్‌ను మాత్రమే గుర్తుంచుకుంటుంది. ఎట్సీకీపర్ ఈ లోటును తన సొంత ఫైలుతో పూడుస్తుంది గానీ, నేరుగా గిట్ చెకౌట్‌తో ఏదైనా ఫైలును వెనక్కి తెస్తే ఆ వివరాలు వాటంతటవి సరికావు, ఎట్సీకీపర్ ఇనిట్ ఆదేశం నడపాలి. ఇతరులు చదవకూడని ప్రైవేట్ కీల విషయంలో ఇది ఏమాత్రం చిన్న సంగతి కాదు. పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే షాడో ఫైలు కూడా చరిత్రలోకి చేరుతుంది కాబట్టి ఆ రిపాజిటరీని బయటి సర్వర్‌కు పుష్ చేయడానికి నేనైతే ఒప్పుకోను.

సర్వర్లను పాడైనప్పుడల్లా ఇమేజ్ నుంచి కొత్తగా నిలబెట్టేవారికి, ప్రతి ఫైలునూ ఆన్సిబుల్ అనే ఆటోమేషన్ సాధనంతోనే రాసేవారికి దీని అవసరం తక్కువే. మేము కొద్దిపాటి యంత్రాలనే ఏళ్ల తరబడి అప్‌గ్రేడ్ చేసుకుంటూ వస్తున్నాము, రూట్ అధికారం నలుగురి చేతుల్లో ఉంది, కాబట్టి మాకు ఇది లేకుండా గడవదు.