పేకముక్కల డయల్ వాచీ: అందం, చిక్కూ రెండూ డయల్‌లోనే

అంకెల చోట చేత్తో వేసిన పేకముక్కలు: ఒంటిగంటకు ఆసు, 11కి జాకీ, 12కి రాణి. రాజుకు చోటే లేదు! ఈ పాత కీ వాచీ కొనేముందు 10 రెట్ల భూతద్దంతో రాణి ముఖం చూడండి. కుంచె గీత మందం మారుతూ పోతే చేతిపని. ఒకే వరసలో సన్నటి చుక్కలు కనిపిస్తే అచ్చు.

తర్వాత కీ బయటికి లాగి ముళ్లను పన్నెండు గంటలూ తిప్పుతూ పక్కనుంచి గమనించండి. రంగు దళసరిగా ఉన్నచోట గంటల ముల్లు రాసుకుని బొమ్మను గీకేస్తుంది. అలాంటిది ఎంత ముద్దొచ్చినా వదిలేయండి.

వాచీ మూత దగ్గరుండే పాత రబ్బరు రింగు చెమ్మను ఆపలేదు, రంగు పొక్కులొస్తుంది. సర్వీసుకిస్తే డయల్ తుడవొద్దని గట్టిగా చెప్పండి. కీ ఇచ్చేటప్పుడు అది బిగుసుకోగానే ఆపేయాలి. రోజువారీకి కాదుగానీ, శుభకార్యాలకు దీనికి సాటి లేదు.