పర్డ్యూ ఫుట్‌బాల్: రెండేళ్లు, మూడు గెలుపులు, మళ్లీ ఇంకో సీజన్

రేటింగ్: 5కి 2. అందులో ఒకటి స్టేడియానికే పోతుంది.

ఇది అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గురించి, 2026 సీజన్ ముందు మాట. గెలుపు చూడాలని ఆశపడేవాళ్లకి ఈ జట్టు సరిపడదు, ఆ మాట ముందే అనేసుకుంటే మంచిది. 2024లో 1–11 (గెలుపులు ముందు, ఓటములు తర్వాత), 2025లో 2–10. ఆ మూడు గెలుపులూ ఎవరి మీదో చూస్తే ఇంకా చిన్నబోతాయి: ఇండియానా స్టేట్, బాల్ స్టేట్, సదరన్ ఇల్లినాయ్. వీటిలో రెండు కింది అంచె జట్లు, అంటే ఎఫ్‌సీఎస్‌వి. సొంత కాన్ఫరెన్స్, అంటే తను ఆడే లీగు, బిగ్ టెన్‌లో రెండేళ్లకి 18 మ్యాచ్‌లు ఆడి 18 ఓడింది. కాన్ఫరెన్స్‌లో ఆఖరి గెలుపు 2023 నవంబరు 25న, ఇండియానా మీద 35–31. ఆ తర్వాత ఆ రెండు జట్ల దారులు ఎటు పోయాయో కింద వస్తుంది, కొంచెం గుండె దిటవు చేసుకోండి.

పర్డ్యూ ఉన్న వెస్ట్ లఫాయెట్‌లో మన తెలుగు పిల్లలకి కొదవ లేదు. ఆగస్టులో దిగిన ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడు అడుగుతాడు, ‘ఈ ఫుట్‌బాల్ టికెట్లు తీసుకోవాలా వద్దా’ అని. సీనియర్లు నవ్వేసి బాస్కెట్‌బాల్ చూసుకోమంటారు. నిజమే, బాస్కెట్‌బాల్ జట్టు 2024లో జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది. కానీ ఏళ్ల తరబడి సొంత స్టేడియం రాస్-ఏడ్ బెంచీల మీద కూర్చుని ఈ ఫుట్‌బాల్ జట్టుని చూశాక తేలిందేమిటంటే, ఇది ఎందుకు ఓడుతుందో అర్థమైతే చూడటం అంత నరకమేమీ కాదు. అర్థం కాకపోతే మాత్రం మూడున్నర గంటలు గడవవు.

ముందు రెండు సీజన్లని పక్కపక్కన పెడదాం. 2024లో పర్డ్యూ 12 మ్యాచ్‌ల్లో చేసినవి 189 పాయింట్లు, ఇచ్చుకున్నవి 479. 2025లో చేసినవి 225, ఇచ్చుకున్నవి 382. మ్యాచ్‌కి చొప్పున చూస్తే స్కోరింగ్ 15.8 నుంచి 18.8కి పెరిగింది, ప్రత్యర్థికి ఇచ్చేది 39.9 నుంచి 31.8కి తగ్గింది. అంటే బాగుపడింది ఎక్కువగా డిఫెన్స్ వైపే. 2024లో మూడు మ్యాచ్‌ల్లో సున్నా కొట్టారు: ఒరెగాన్ 35–0, ఒహాయో స్టేట్ 45–0, ఇండియానా 66–0. సొంత మైదానంలో నోటర్ డామ్ చేతిలో 66–7 వేరే. 2025లో సున్నా ఒక్కటే, నార్త్‌వెస్టర్న్‌తో 19–0. గెలుపోటముల పట్టికలో ఒక్క అంకె మారింది గాని, మ్యాచ్ చూస్తుంటే తేడా తెలిసేది. 2024లో సెకండ్ క్వార్టర్ కాకుండానే జనం పార్కింగ్ దారి పట్టేవాళ్లు. 2025లో చాలా మ్యాచ్‌లు మూడో క్వార్టర్ దాకా ఊపిరితోనే ఉన్నాయి.

నోటి దాకా వచ్చి జారిపోయినవి మూడు. మిన్నెసోటాతో 27–20: నాలుగో క్వార్టర్లో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) రయాన్ బ్రౌన్ విసిరిన బంతిని వాళ్ల కోయ్ పెరిచ్ మధ్యలో పట్టేసి సరాసరి గోల్ లైన్ దాటించి టచ్‌డౌన్ చేశాడు. రట్గర్స్‌తో 27–24. మిషిగన్ వాళ్ల ఊళ్లో 21–16. మూడూ కలిపితే తేడా 15 పాయింట్లు. ‘మూడు గెలిస్తే 5–7 అయ్యేది కదా’ అని లెక్కలు వేసేవాళ్లున్నారు. అలా వేయకండి. దగ్గరగా ఓడటం కూడా ఒక జబ్బే, దాని కారణం ఒకే చోట ఉంది: ముందు వరసలో.

పర్డ్యూకి ‘క్వార్టర్‌బ్యాక్‌ల ఉయ్యాల’ అని పేరు. లెన్ డాసన్, బాబ్ గ్రీసీ, డ్రూ బ్రీస్ ఇక్కడివాళ్లే. ఆ పేరు వల్లే జనం కళ్లెప్పుడూ క్వార్టర్‌బ్యాక్ మీదే ఉంటాయి. ఈ సీజన్‌కి కూడా బయట నడిచే వాదనంతా ‘ఎవరు ఆడతారు’ అన్న దాని మీదే. నా మాట వింటే ఆ వాదన పక్కన పెట్టి, బంతి వెనక్కి అందగానే అతన్ని కాదు, అతని ముందున్న అయిదుగురిని చూడండి. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిళ్లు.

10 యార్డులు ముందుకి పోవడానికి జట్టుకి నాలుగు అవకాశాలు, ఒక్కోదాన్ని డౌన్ అంటారు. మూడో డౌన్, ఇంకా 7 యార్డులు కావాలి అనుకోండి. బంతి విసరాల్సిందేనని ఎదుటివాళ్లకి తెలుసు. అప్పుడు వాళ్లొక ఎత్తు వేస్తారు. అంచున ఉన్న డిఫెన్సివ్ ఎండ్ నేరుగా రాకుండా లోపలికి దూసుకొచ్చి మన గార్డుని ఢీకొంటాడు. అదే క్షణంలో లోపలున్న డిఫెన్సివ్ టాకిల్ అతని వెనకనుంచి చుట్టూ తిరిగి అంచు మీదికి వస్తాడు. మన టాకిల్ తను పట్టుకున్నవాణ్ని గార్డుకి వదిలేసి, చుట్టి వస్తున్న కొత్తవాణ్ని అందుకోవాలి. గార్డు వదలాలి, టాకిల్ పట్టాలి, రెండూ ఒకేసారి జరగాలి. ఇద్దరూ ఒకడి మీదే పడితే రెండోవాడికి క్వార్టర్‌బ్యాక్ దాకా రాచబాట. ఇదంతా రెండున్నర సెకన్ల వ్యవహారం. బలంతో అయ్యే పని కాదిది. పక్కవాడు ఎప్పుడు వదులుతాడో భుజం తగిలిన తీరుని బట్టి తెలియాలి, అది తెలియాలంటే ఇద్దరూ పక్కపక్కన కొన్ని వందలసార్లు ఆడి ఉండాలి. పర్డ్యూకి లేనిదదే.

ఎందుకు లేదంటే, పోర్టల్. ఆటగాళ్లు కాలేజీ మారడానికున్న ఈ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ కిటికీ 2026లో జనవరి 2 నుంచి 16 దాకా ఒక్కసారే తెరిచారు. వసంతకాలంలో ఉండే రెండో కిటికీని ఎత్తేశారు. సరిగ్గా సంక్రాంతి రోజులన్నమాట. భోగి మంటలో పాత సామాను వేసినట్టు జట్లు పాతవాళ్లని వదులుకుని కొత్తవాళ్లని తెచ్చుకుంటాయి. గెలిచే జట్టయితే నాలుగు పాత కుర్చీలు పోతాయి. ఓడే జట్టుకి మంచమూ పోతుంది. 2024 సీజన్ కాగానే పర్డ్యూలో అందరికన్నా మంచి డిఫెండర్, సేఫ్టీ డిలన్ థీనెమన్ ఒరెగాన్‌కి వెళ్లిపోయాడు. బ్రౌన్ కూడా నార్త్ కరొలైనా వెళ్లి, కొన్నాళ్లకే తిరిగొచ్చాడు. 2025లో దిగిన జట్టులో పేర్లు చూడకుండా పోల్చుకోగల ఆటగాళ్లు వేళ్ల మీద లెక్కకొచ్చేవాళ్లు. బంతి పట్టే వైడ్ రిసీవర్‌ని వేసవిలో తెచ్చి సెప్టెంబరులో ఆడించొచ్చు, అతన్ని కాపు కాసే కార్నర్‌బ్యాక్‌నీ ఆడించొచ్చు. ముందు వరస అయిదుగురిని అలా తెచ్చి అతికిస్తే అతుకులు మూడో డౌన్‌కి విడిపోతాయి.

డబ్బు సంగతి కూడా ఉంది. 2025 జులై 1 నుంచి కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వొచ్చు. మొదటి ఏడాదికి పరిమితి కాలేజీకి 2 కోట్ల 5 లక్షల డాలర్లు, అన్ని క్రీడలకీ కలిపి. బాస్కెట్‌బాల్‌కి పేరున్న చోట ఆ కుండలోంచి ఫుట్‌బాల్‌కి ఎంత గరిటెడు పడుతుందో ఊహించుకోవచ్చు. రోస్టర్, అంటే జట్టు జాబితా, కూడా 105 మందికి కుదించారు. కాబట్టి బెంచీ మీద పిల్లల్ని మూడేళ్లు పెంచి తయారుచేసే పాత పద్ధతి చిన్న జట్లకి కూడా కష్టమైంది.

కోచ్ బ్యారీ ఓడమ్‌కి ఇది రెండో సీజన్. అంతకు ముందున్న రయాన్ వాల్టర్స్ రెండేళ్లలో 5–19 చేసి వెళ్లాడు. అతని హయాంలో ఒక్క మ్యాచ్ చాలు జట్టు స్థితి చెప్పడానికి. 2024లో ఇల్లినాయ్ మీద ఎక్కడో వెనకబడి, లేచొచ్చి ఓవర్‌టైమ్‌కి తీసుకెళ్లి, అక్కడ టచ్‌డౌన్ తర్వాత ఒక పాయింటు కిక్‌తో టై చేయకుండా రెండు పాయింట్లకి తెగించి 50–49తో ఓడారు. ఆ తెగింపుని నేను తప్పుపట్టను. అప్పటికి డిఫెన్స్ ఇంకొక్క రౌండు కూడా నిలబడేలా లేదు.

ఓడమ్ మీద ఆశ పెట్టుకునేవాళ్లు చూపించే ఉదాహరణ మిజూరీ. అక్కడ 2016లో మొదటి ఏడు 4–8. రెండో ఏడు 1–5తో మొదలై, తర్వాత వరసగా ఆరు గెలిచి 7–6తో ముగించాడు. తర్వాత లాస్ వేగస్ యూనివర్సిటీ యూఎన్‌ఎల్‌వీలో రెండేళ్లకి 19–8. వినడానికి బాగుంది. అయితే మిజూరీలో ఆ రెండో ఏడాది బంతి విసిరినవాడు డ్రూ లాక్, ఆ సీజన్లో 44 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. లాస్ వేగస్‌లో వారం వారం ఎదురైనవి బిగ్ టెన్ జట్లు కావు. కాబట్టి రెండో ఏడాది మెరుగు అన్నది ఉత్త మాట కాదు గాని, దాన్ని పట్టుకుని బౌల్ గేమ్ (సీజన్ చివర బాగా ఆడిన జట్లకి దక్కే మ్యాచ్) టికెట్లు చూసుకోనక్కర్లేదు. బౌల్‌కి ఆరు గెలుపులు కావాలి, ఎఫ్‌సీఎస్ జట్టు మీద గెలుపు అందులో ఒక్కటే లెక్కకొస్తుంది.

కాన్ఫరెన్స్ నిర్మాణం కూడా పగబట్టినట్టే మారింది. 2023 దాకా బిగ్ టెన్ రెండు విభాగాలు. పర్డ్యూ ఉన్న పశ్చిమ విభాగంలో ఒహాయో స్టేట్, మిషిగన్, పెన్ స్టేట్ ఉండేవి కావు. 2022లో అప్పటి కోచ్ జెఫ్ బ్రోమ్ ఆ విభాగం గెలిచి టైటిల్ మ్యాచ్ దాకా వెళ్లాడు, అక్కడ మిషిగన్ చేతిలో 43–22తో ఓడి, లూయీవిల్‌కి వెళ్లిపోయాడు. 2024లో విభాగాలు ఎత్తేశారు, ఒరెగాన్, వాషింగ్టన్, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వచ్చి చేరాయి, మొత్తం 18 జట్లయ్యాయి. ఏడాదికి తొమ్మిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు. అందులో ఇండియానా, ఇల్లినాయ్ ప్రతి ఏడూ ఖాయం. ఈసారి ఆ రెండూ వాళ్ల ఊళ్లలోనే. కాన్ఫరెన్స్ బయట నోటర్ డామ్ రాస్-ఏడ్‌కి వస్తుంది.

ఇక ఇండియానా. 2023లో పర్డ్యూ చేతిలో ఓడి 3–9తో ముగించిన జట్టు. దేశంలోనే ఎక్కువ ఓటములు మూటగట్టుకున్న జట్టుగా పేరు మోసింది. కోచ్‌గా కర్ట్ సిగ్నెటీ వచ్చాడు. తను అంతకుముందు పనిచేసిన జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి తన పద్ధతి తెలిసిన ఆటగాళ్లని గుంపుగా వెంట తెచ్చుకున్నాడు. 2024లో 11–2, 2025లో ఒక్కటీ ఓడకుండా జాతీయ ఛాంపియన్. 1925 నుంచి పర్డ్యూ, ఇండియానా ఓక్ చెక్క బకెట్ ట్రోఫీ కోసం కొట్టుకుంటున్నాయి. గత రెండు మ్యాచ్‌లూ కలిపి స్కోరు 122–3. ‘వాళ్లకి కుదిరింది, మనకెందుకు కుదరదు’ అంటారు. వాళ్లు తెచ్చుకున్నది విడివిడి ఆటగాళ్లని కాదు, ఒకరి పక్కన ఒకరు ఆడి అలవాటైనవాళ్లని. పైన చెప్పిన గార్డు, టాకిల్ కథే ఇది కూడా.

అయినా వదలకుండా చూడటానికి కారణం ఒకటుంది. ఈ జట్టుకి ఉన్నట్టుండి పూనకం వస్తుంది. 2018 అక్టోబరులో రెండో ర్యాంకు ఒహాయో స్టేట్‌ని 49–20తో చితక్కొట్టింది. 2021లో రెండో ర్యాంకు అయోవాని వాళ్ల మైదానంలో 24–7తో ఓడించింది, ఆ రోజు డేవిడ్ బెల్ 240 యార్డుల క్యాచ్‌లు పట్టాడు. మూడు వారాలకే మిషిగన్ స్టేట్‌ని 40–29తో. అవన్నీ బంతి విసరడం మీదే బతికిన జట్లని గుర్తుంచుకోండి. ఇప్పటి జట్టు ఆ కోవది కాదు. పరిగెత్తుతూ, గడియారం నడిపిస్తూ, స్కోరు తక్కువలో ఉంచి బతకాలన్నది ఓడమ్ దారి. అలాంటి జట్టు ఛాంపియన్లని పడగొట్టడం అరుదు, తన స్థాయి జట్లతో మాత్రం దగ్గరగా ఆడుతుంది. ఈ ఏడాది కాన్ఫరెన్స్ కరువు తీరితే అలాంటి మ్యాచ్‌లోనే తీరుతుంది.

సెప్టెంబరులో చూడాల్సింది స్కోరు కాదు. ఎఫ్‌సీఎస్ జట్టుని 40 పాయింట్లతో కొట్టినా అందులో సమాచారం ఏమీ ఉండదు. ఒక కాగితం మీద పర్డ్యూ చేతిలో బంతి ఉండగా సఫలమైన ప్రతి డౌన్‌కీ టిక్కు పెట్టుకోండి: మొదటి డౌన్‌లో కావలసిన యార్డుల్లో సగం, రెండో డౌన్‌లో 70 శాతం, మూడు, నాలుగు డౌన్లలో పూర్తిగా వస్తే ఆ డౌన్ సఫలం. వందకి 45 దాటి టిక్కులు పడితే ఈ జట్టు ఎవరితోనైనా నిలబడుతుంది, 35 దగ్గర ఆగితే నవంబరు పాత నవంబరే. రెండోది, ముందు వరస అయిదుగురూ మొదటి నాలుగు మ్యాచ్‌లకీ వాళ్లే ఉన్నారా అన్నది. వారానికొకణ్ని మారుస్తుంటే గాయాలో, నమ్మకం లేకపోవడమో, ఏదైనా ఫలితం ఒకటే.

మైదానానికి వెళ్లేవాళ్లకి: రాస్-ఏడ్ 1924 నాటిది, ఇప్పుడు 60 వేల పైచిలుకు పడతారు. తూర్పు వైపు కూర్చుంటే మధ్యాహ్నం మ్యాచ్‌ల్లో ఎండ నేరుగా కళ్లలో పడుతుంది, పడమర వైపు తీసుకోండి. నవంబరులో ఇది తిరగబడుతుంది, ఆ ఎండే దిక్కు. బెంచీ లోహంది, కింద వేసుకోవడానికి ఒక మందపాటి గుడ్డ ఉంటే సగం చలి పోతుంది. పారదర్శకమైన సంచి తప్ప లోపలికి రానివ్వరు. చిన్న జట్లతో మ్యాచ్‌లకి టికెట్లు గురువారం దాకా ఆగి కొంటే అయినకాడికి ఇచ్చేస్తారు. నోటర్ డామ్ మ్యాచ్‌కి ఆగొద్దు, అవతలి అభిమానులే సగం కొనేస్తారు. బ్యాండ్ కోసం పావుగంట ముందే లోపల ఉండండి. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ వాయించిన బ్యాండది, జట్టు ఎలా ఆడినా అది మాత్రం తప్పు వాయించదు.

ఇంటి నుంచి చూసే మనవాళ్లకి: ఓడే జట్టుకి ఎక్కువగా మధ్యాహ్నం 12 గంటల స్లాటే పడుతుంది, అంటే భారత కాలమానంలో రాత్రి 9:30. నవంబరు 1న అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక 10:30. 3:30 మ్యాచ్ అయితే రాత్రి ఒంటిగంటకి, గడియారాలు తిప్పాక రెండింటికి. ఆ వేళ దాకా మేలుకోవడానికి తగ్గ జట్టు ఇంకా కాలేదు.

నా అంచనా 4–8, అందులో కాన్ఫరెన్స్‌లో ఒకటో రెండో. మూడో డౌన్ దగ్గర ముందు వరస నిలబడితే 5. బకెట్ మ్యాచ్ ఇండియానా సొంత ఊరు బ్లూమింగ్టన్‌లో. దానికి మాత్రం టికెట్ కొనకండి.