ఒకే పీఎన్ఆర్, మూడు చోట్ల సీట్లు

రేటింగ్: 2/5. ఆ రెండూ కౌంటర్‌లో అమ్మాయికే.

అమ్మ, ఏడేళ్ల మా పాప, నేను హైదరాబాద్ నుంచి వైజాగ్ విమానంలో వెళ్లాం. సీట్లకి విడిగా డబ్బు కట్టలేదు. వెబ్ చెకిన్‌లో వచ్చినవి 9బి, 21ఇ, 28బి. మూడూ మధ్య సీట్లే! అటు మూడు, ఇటు మూడు ఉండే ఎయిర్‌బస్ ఏ320లో బి, ఇ అంటే మధ్యవే. కిటికీ పక్కవి బోలెడు ఖాళీగా కనిపిస్తున్నాయి, కానీ డబ్బు కట్టాలి.

ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య పసిపిల్లని ఎలా కూర్చోబెడతారండీ? పన్నెండేళ్ల లోపు పిల్లలకి అదే పీఎన్ఆర్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో ఒకరి పక్కన సీటివ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024లోనే చెప్పింది. కౌంటర్‌లో ఆ మాటే అన్నాను. ఆ అమ్మాయి "ఒక్క నిమిషం మేడమ్" అని, పైసా అడక్కుండా 20ఎ, 20బి రాసిచ్చింది.

అమ్మకి మాత్రం 21ఇ తప్పలేదు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. దిగేటప్పుడు ముందు సీటు వీపు పట్టుకుని రెండుసార్లు లేవబోయి కూలబడింది. మూడోసారి పక్కాయన చెయ్యి అందించాడు. చూస్తుంటే నా కడుపు తరుక్కుపోయింది.

ఈసారి అమ్మకి నడవ పక్కన సి గానీ డి గానీ టికెట్‌తోపాటే కొంటాను. పాప సీటుకి మాత్రం రూపాయి కట్టను. మీరూ పిల్లల టికెట్ విడిగా తీయకండి, ఒకే పీఎన్ఆర్‌లో ఉంచండి.